మా నాన్న మనుషులకు, నేను కుక్కలకు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఓ కుర్రాడు షాపుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నా ముందు బల్ల మీద లాసా జాతి కుక్క ఒకటి ఉంది, దాని వెనక కాలి గోళ్లు తీస్తున్నాను. "అన్నా, డిగ్రీ అయిపోయింది. నాకు కుక్కలంటే ప్రాణం. గ్రూమింగ్ నేర్చుకుందామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో కోర్సు కూడా చూశా, సర్టిఫికెట్ ఇస్తారంట" అన్నాడు. గ్రూమింగ్ అంటే కుక్కలకు స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, గోళ్లు తీయడం, నా పని అదే. సరిగ్గా అప్పుడే లాసా నా మోచేతి మీదుగా ఉచ్చ పోసింది. కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. నేను తువ్వాలుతో తుడుచుకుని, మిగిలిన మూడు గోళ్లూ తీసి, అప్పుడు మాట్లాడాను. వెనక ఇద్దరు కస్టమర్లు కాచుకుని ఉండటంతో ఏదో పైపైన చెప్పి పంపించేశాను. చెప్పాల్సింది చెప్పలేదని అప్పట్నుంచి మనసులో పీకుతోంది. ఇది అతనికి, అతనిలా అడిగేవాళ్లకి.

ముందు ఆ "ప్రాణం" సంగతి. కుక్కలంటే ప్రాణం అన్నవాళ్లు నా దగ్గర ఇప్పటికి ఏడుగురు చేరారు. ఒక్కరూ రెండు నెలలు దాటలేదు. నిలబడ్డవాడు ఒకడే. బైక్ మెకానిక్ షెడ్డులో పనిచేసి వచ్చాడు. కుక్కలంటే అతనికి పెద్ద ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. కానీ పానా ఎంత బిగించాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలుసు. నాకు కావాల్సింది ఆ చెయ్యి.

ప్రేమ ఎందుకు పనికిరాదో గోళ్ల దగ్గరే చూడొచ్చు. కుక్క గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్లగోరులో అది గులాబీ రంగులో కనపడుతుంది, నల్లగోరులో కనపడదు. కొంచెం కొంచెంగా చెక్కుతూ పోతే గోరు మధ్యలో ఒక నల్లటి చుక్క తేలుతుంది, అక్కడ ఆపాలి. ఇది ఎవరికైనా నేర్పొచ్చు. కష్టమంతా కుక్క అరుపుతో. కొన్ని కుక్కలు కట్టర్ తగలకముందే చంపేస్తున్నట్టు అరుస్తాయి. ప్రేమ ఎక్కువున్నవాడు "అయ్యో బంగారం" అని కాలు వదిలేస్తాడు. అరిస్తే వదులుతారని కుక్క ఆ రోజు నేర్చుకుంటుంది. ఇక నాలుగోసారికి దాని కాలు ముట్టుకోవడం ఎవరి తరమూ కాదు, ఇంటివాళ్ల తరం కూడా కాదు. గోళ్లు పెరిగి వంకర తిరిగి అరికాలి మెత్తలోకి దిగిన కుక్కల్ని నేను చూశాను. అవన్నీ బాగా ప్రేమించే ఇళ్లలోవే.

ఇది చేతిపని. ఇంకా తేటగా చెప్పాలంటే మంగలి పని. నేను పుట్టింది ఆ ఇంట్లోనే కాబట్టి ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు.

మాది మిర్యాలగూడ. మా నాన్నకు రెండు కుర్చీల సెలూన్ ఉంది. మా తాత చేతిలో పొది, నాన్న చేతిలో మిషన్, నా చేతికి మాత్రం ఏదీ రాకూడదని నాన్న పట్టుదల. సెలవుల్లో కూడా షాపు ఊడ్వనిచ్చేవాడు కాదు. "నువ్వు కత్తి పట్టకు బిడ్డా, పెన్ను పట్టు" అని హైదరాబాద్‌లో బీకాం చదివించాడు. తర్వాత ఒక కంపెనీలో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. ఊళ్లో సెలూన్ మూతపడింది, రెండు నెలలకు నా ఉద్యోగం కూడా పోయింది. మేం అద్దెకున్న బిల్డింగ్‌లో కింది ఇంటి ఆంటీ వాళ్లకు షిట్జూ జాతి కుక్క ఉండేది. గ్రూమింగ్ షాపులూ మూతే. జుట్టు కళ్ల మీద పడి పాపం గోడలకు గుద్దుకునేది. "మీ నాన్నగారిది సెలూన్ కదా బాబూ, కొంచెం ఆ కళ్ల దగ్గర తీసిపెట్టవా?" అని ఆంటీ మొహమాటపడుతూ అడిగింది. తీశాను. చెయ్యి వణకలేదు. అది నాకే ఆశ్చర్యం.

షాపులు తెరిచాక ఒక గ్రూమింగ్ షాపులో హెల్పర్‌గా చేరాను. జీతం ఎనిమిది వేలు. ఇంట్లో చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "మనుషుల జుట్టు వద్దంటే కుక్కల జుట్టు పట్టినవా" అని లేచి వెళ్లిపోయాడు. నెల రోజులు ఫోన్ ఎత్తలేదు. మా బాబాయి అయితే "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతడంట" అని పెళ్లిళ్లలో నలుగురి ముందూ అనేవాడు. ఇప్పటికీ అంటాడు, కాకపోతే ఇప్పుడు వాళ్లింట్లో లాబ్రడార్ ఉంది, స్నానానికి డిస్కౌంట్ అడుగుతాడు.

మొదటి ఆరు నెలలు స్నానం, ఆరబెట్టడం, అంతే. కత్తెర ముట్టనివ్వలేదు. అప్పుడు తిట్టుకున్నా. ఇప్పుడు నా దగ్గర చేరినవాళ్లకూ అదే పెడుతున్నా. ఎందుకంటే స్నానపు తొట్టి దగ్గరే కుక్క ఒంటి మీద ఏముందో వేళ్లకు తెలుస్తుంది: కురుపులు, గడ్డలు, వేళ్ల సందుల్లో, చెవుల మడతల్లో దాక్కున్న పిడుదులు. మనుషుల షాంపూ ఎందుకు వాడకూడదో అక్కడే అర్థమవుతుంది. మన చర్మానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, దాని పీహెచ్ 5.5 దరిదాపుల్లో. కుక్క చర్మానిది 7కు దగ్గర. మన షాంపూతో నెలకు రెండుసార్లు రుద్దిన కుక్కలు పొట్టు రాలుతూ, గోక్కుంటూ వస్తాయి. ఆరబెట్టేటప్పుడు బ్లోయర్ గాలికి వెంట్రుకలు విడిపోతుంటే చర్మం అద్దంలా కనిపిస్తుంది. ఆ బ్లోయర్ మోత అలవాటు లేని కుక్కకు భూకంపమే. ముందు దూరంగా ఆన్ చేసి, తర్వాత తోక దగ్గర మొదలుపెట్టి, మొహం చివరికి వదిలేయాలి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కువాటికి ఊపిరే కష్టం. వాటిని పెట్టెలో పెట్టి వేడిగాలి వదిలేసి టీకి పోయేవాళ్లున్నారు. అలా కుక్క చచ్చిపోవచ్చు కూడా.

ఏడో నెలలో కత్తెర ఇచ్చారు. రెండో వారంలోనే నా చేతుల్లో ఒక కుక్కకు గాయమైంది.

అది కూడా షిట్జూనే. చెవి వెనక జుట్టు అట్టకట్టి ముద్దయింది. దాన్ని పట్టుకుని పైకి లాగి అడుగున కత్తెర పెట్టి కోశాను. ముద్దతో పాటు చర్మం కూడా పైకి లేస్తుందని, నేను కోస్తున్నది జుట్టు ఒక్కటే కాదని నాకు తెలీదు. అంగుళం మేర తెగింది. కుక్క అరవను కూడా అరవలేదు, తల తిప్పి నా వైపు చూసింది. తెల్లటి జుట్టు మీద ఎర్రగా పాకింది. డాక్టర్ మూడు కుట్లు వేశాడు. మా ఓనర్ కస్టమర్‌తో "చిన్న గీత పడింది మేడమ్" అన్నాడు. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. ఇన్నేళ్లయినా ఆ గాయం కంటే ఆ మౌనమే ఎక్కువ గుర్తొస్తుంది.

ఆ శనివారం ఊరెళ్లాను, మానేద్దామనే. నాన్నకు జరిగింది చెప్పాను. ఆయన ఏమీ అనకుండా నా ముంజెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలితో చర్మాన్ని వెనక్కి గుంజి, ఖాళీ మిషన్ ఆన్ చేసి, నా చేతి మీద పడుకోబెట్టి జరిపాడు. "తోలు గుంజి పట్టాలెరా. వదులుంటే ఏది వెంట్రుకో ఏది తోలో మిషన్‌కు ఎర్కైతదా? దాని మొన పొడవద్దు, పండవెట్టు. వాలు జూసి పో." తర్వాత గుంజకుండా జరిపాడు. పళ్లకు చర్మం ముడతపడి చురుక్కుమంది. ఏ నెల రోజుల కోర్సులోనూ రానిది రెండు నిమిషాల్లో వచ్చింది. మరీ ముసలివాళ్ల గడ్డం గీసేటప్పుడు నాన్న బుగ్గ లోపలి నుంచి నాలుకతో తోయమంటాడు. ఎందుకో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. కుక్కకు నాలుకతో తొయ్యమని చెప్పలేం కాబట్టి పొట్టకూ వెనక తొడకూ మధ్య ఉండే పల్చటి మడతను మన చేతితోనే విప్పి పట్టాలి. కొత్తవాళ్లు కోసేది ఎక్కువగా అక్కడా, చంకల్లో, చెవి అంచుల దగ్గరా.

మా నాన్న వాడే మిషనూ నేను వాడే మిషనూ ఒకే కంపెనీవి, వాల్. 1919లో అమెరికాలో లియో వాల్ అనే ఆయన కరెంటు క్లిప్పర్‌తో మొదలుపెట్టిన కంపెనీ అది. మనుషులకూ చేస్తుంది, జంతువులకూ చేస్తుంది. బ్లేడ్ల అంకెలు మాత్రం తికమకగా ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ జుట్టు పొట్టి అవుతుంది. 10వ నంబరు ఒకటిన్నర మిల్లీమీటర్లు వదులుతుంది, 7వ నంబరు మూడుకు కాస్త ఎక్కువ, 40వ నంబరు ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు గీసే లెక్క. పెద్ద అంకె అంటే పొడుగు జుట్టనుకుని 40తో మొదలుపెట్టిన మహానుభావుణ్ణి నేనెరుగుదును. బ్లేడు పది నిమిషాల్లో కాలుతుంది, మధ్యమధ్య మన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి. మనకు చురుక్కుమంటే కుక్క పొట్టకు వాత పడుతుంది.

అట్టకట్టిన జుట్టు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ వృత్తిలో గొడవలు సగం అక్కడే పుడతాయి. కస్టమర్ ఫోన్‌లో ఫొటో చూపిస్తాడు: గుండ్రటి మొహం, టెడ్డీబేర్ కట్. కుక్కను చూస్తే పైన పట్టుకుచ్చులా ఉంటుంది, వేలు లోపలికి పెడితే గోనెసంచి. ఇంట్లో పైపైన దువ్వుతారు, కుదుళ్ల దగ్గర నెలల తరబడి పేరుకుంటూ పోతుంది. అలాంటి కుక్కకు ముందు స్నానం చేయిస్తే తడికి ఇంకా బిగుసుకుంటుంది. నేను వాదించను. స్టీలు దువ్వెన కస్టమర్ చేతికే ఇస్తాను. "కుదురు దాకా దించి ఒక్కసారి దువ్వండి సార్" అంటాను. దువ్వెన కదలదు, కుక్క వెనక్కి తిరిగి ఆయన చేతినే నాకుతుంది, లేదా పళ్లు చూపిస్తుంది. అప్పుడు చెప్తాను: 10వ నంబరుతో అంతా తీసేయాలి, గుండులా కనిపిస్తుంది, చెవుల మీద అట్ట తీసేశాక కొన్ని కుక్కలు తల విదిలించి విదిలించి చెవిలో రక్తం గడ్డకట్టేలా చేసుకుంటాయి, రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి. కాగితం మీద సంతకం తీసుకుంటాను. కాదు, చిక్కు తీయాల్సిందే అంటే పంపించేస్తాను. మూడు గంటలు కుక్క చర్మం పీకి సంపాదించే వెయ్యి రూపాయలు నాకొద్దు. మొదటి ఏడాది అలా పంపించే ధైర్యం లేదు, అద్దె కట్టాలి. కొత్తగా దిగేవాడికి నేనిచ్చే అసలు సలహా ఇదే: "వద్దు" అనగలిగేన్ని నెలల అద్దె చేతిలో పెట్టుకుని మొదలుపెట్టు.

హస్కీలదీ ఇదే కథ. మే నెలలో హైదరాబాద్ ఎండ, కుక్క రొప్పుతోంది, "జీరో కట్ కొట్టేయండి, పాపం చల్లగా ఉంటుంది" అంటారు. హస్కీ, గోల్డెన్ రిట్రీవర్, పొమరేనియన్, జర్మన్ షెపర్డ్ వీటికి జుట్టు రెండు పొరలు. పైపొర ఎండ చర్మానికి తగలకుండా కాస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పి చల్లబడుతుంది, కాస్తో కూస్తో అరికాళ్ల మెత్తల్లో చెమట పడుతుంది. కాబట్టి గుండు కొడితే దానికి ఒరిగేది ఫ్యాను గాలి కాదు, ఎండదెబ్బ. పైగా కొన్నిటికి జుట్టు మళ్లీ సరిగ్గా మొలవదు, అతుకులు అతుకులుగా వస్తుంది. చేయాల్సింది లోపలి పొరలో చచ్చిన నూగును దువ్వి తీసేయడం. ఒక్క హస్కీ నుంచి దిండు నిండేంత వస్తుంది. ఇంత చెప్పినా పక్క వీధిలో కొట్టించుకుని వచ్చి, నాలుగు నెలల తర్వాత "జుట్టెందుకు రావట్లేదు?" అని నన్నే అడిగినవాళ్లున్నారు.

కరవవా అని అందరూ అడుగుతారు. కరుస్తాయి. నన్ను మూడుసార్లు కరిచాయి, మూడుసార్లూ తప్పు నాదే. కుక్క ముందుగా చెప్తుంది. పెదవులు నాక్కుంటుంది, ఊరికే ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూస్తుంది, ఒళ్లు కర్రలా బిగిస్తుంది, తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టే ఇళ్లు ఉన్నాయి. ఆ కుక్కలు గుర్రుమనడం మానేస్తాయి, తిన్నగా కరుస్తాయి. అవే ప్రమాదం. ఈ పనిలోకి దిగేముందు రేబిస్ టీకా మూడు డోసులు వేయించుకోవాలి: మొదటి రోజు, 7వ రోజు, 21వ రోజు. అప్పుడు కూడా కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడగాలి, డాక్టర్ దగ్గరికి పోవాలి, మొదటి రోజూ మూడో రోజూ మళ్లీ రెండు డోసులు. కుక్కకు టీకాల కార్డు ఉంది కదా అని ఊరుకోవద్దు. ఈ ముక్క ఏ సర్టిఫికెట్ కోర్సు ప్రకటనలోనూ నాకు కనిపించలేదు.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. నాన్న కుడిచేతి వేళ్ల సందులో చిన్న రంధ్రం ఉంటుంది, అప్పుడప్పుడూ చీము పడుతుంది. తెగిన వెంట్రుకలు ముల్లులా చర్మంలోకి దిగి తయారయ్యే పుండు అది, మంగలివాళ్లకు వస్తుందని డాక్టర్లు చెప్తారు. పోయినేడు నాకూ వచ్చింది. డాక్టర్ "మీరు సెలూన్‌లో పనిచేస్తారా?" అని అడిగాడు. ఒక రకంగా అంతే అన్నాను.

డబ్బు లెక్క. నాది నిజాంపేట వైపు చిన్న షట్టరు. మొదట్లో బల్ల, తొట్టి, బ్లోయర్, రెండు క్లిప్పర్లు, బ్లేడ్లు, కత్తెరలు, ప్లంబింగ్, అడ్వాన్సు కలిపి రెండున్నర లక్షలు. ఫుల్ గ్రూమింగ్ పదిహేను వందలు, స్నానం ఏడొందలు. శని, ఆదివారాలు ఐదేసి కుక్కలు, మామూలు రోజుల్లో ఒకటో రెండో. నెలకు డెబ్బై వేలు దాకా వస్తే అద్దె, హెల్పర్ జీతం, కరెంటు, షాంపూలు పోను ముప్ఫై, ముప్ఫై ఐదు మిగులుతుంది. మొదటి ఏడాది పన్నెండు మిగిలిన నెల పండగే. ఇన్‌స్టాలో "నెలకు లక్ష" అని చెప్పేవాళ్లలో చాలామంది సంపాదించేది గ్రూమింగ్ మీద కాదు, గ్రూమింగ్ నేర్పడం మీద.

అందుకే కోర్సుల మీద నా అభిప్రాయం ఘాటుగానే ఉంటుంది. మన దేశంలో గ్రూమర్‌కు తప్పనిసరి ప్రభుత్వ పరీక్ష లేదు, ప్రత్యేక లైసెన్సూ లేదు. 2018లో కేంద్రం తెచ్చిన పెట్ షాపు నిబంధనలు జంతువుల్ని అమ్మేవాళ్లకు. మనకు కావాల్సింది మామూలు ట్రేడ్ లైసెన్సే. అంటే గోడకు తగిలించిన ఏ సర్టిఫికెట్‌కూ దాని ఫ్రేము కంటే ఎక్కువ బలం లేదు. పెద్ద ఊళ్లలో మంచి కోర్సులు లేవని అనను, జాతుల కట్‌లు, కత్తెర పని అక్కడ బాగానే వస్తాయి. కానీ ముందు ఏదైనా షాపులో ఆరు నెలలు తడిసి, తర్వాత ఆ డబ్బు కట్టండి. కత్తెర పట్టే చెయ్యి మనకు మూడు నెలల్లో వస్తుంది. కదిలే ఒంటిని కదలకుండా చేసే చెయ్యి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక గౌరవం. ఊళ్లో నాన్నను "ఏయ్ మంగలీ" అని పిలిచిన నోళ్లు నేను విన్నాను. ఇక్కడ అదే పని కుక్కకు చేస్తే "సార్, మీరు పెట్ స్టైలిస్టా?" అంటారు. ఇంగ్లిషు పేరు పెట్టుకుని, ఏసీ పెట్టి, నల్ల ఏప్రన్ వేసుకుంటే పనికి మడి వస్తుందన్నమాట. ఈ వృత్తిలోకి వస్తున్న చాలామంది పిల్లలు ఆ ఇంగ్లిషు పేరు కోసమే వస్తున్నారేమోనని నా అనుమానం. పేరు తొందరగా పాతబడుతుంది, ఉచ్చ తుడవడం ఉంటుంది. నా బోర్డు మీద "డాగ్ గ్రూమింగ్" కింద తెలుగులో "కుక్కల కటింగ్ షాపు" అని రాయించాను. ఒకాయన అది చీప్‌గా ఉందన్నాడు, కుక్కను మాత్రం నా దగ్గరికే తెస్తాడు.

సర్కారుకు కూడా ఈ పని ఏమిటో తేలినట్టు లేదు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. నాన్నకు వస్తుంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, అందులో మంగలి పనీ ఉంది. పనిముట్లకు పదిహేను వేలు ఇస్తారు. నేను చేసేది ఆ జాబితాలో లేదు. నాది కమర్షియల్ మీటరు, రెండు వేల వాట్ల బ్లోయర్.

జనానికి మాత్రం బాగానే తేలింది. మంగళవారం నేను షాపు తెరవను, నాన్న అలవాటే. మొదట్లో సోమవారమో బుధవారమో సెలవు పెట్టుకుందామా అని ఆలోచించాను. ఒక మంగళవారం ఊరికే తెరిచి చూశాను. ఒక్కరూ రాలేదు. ఒకావిడ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఇవాళ మంగళవారం కదండీ, మా స్నోయీకి కటింగ్ చేయించొచ్చా? మా అత్తగారు వద్దంటున్నారు" అని అడిగింది. స్నానం చేయించొచ్చండీ అన్నాను.

ఆ కుర్రాడు మొన్న శనివారం మళ్లీ వచ్చాడు. కోర్సుకు డబ్బు ఇంకా కట్టలేదట. ఏప్రన్ ఇచ్చి తొట్టి దగ్గర నిలబెట్టాను. మధ్యాహ్నానికి చొక్కా పూర్తిగా తడిసింది, ఒక బీగిల్ అతని చెప్పు నమిలేసింది. సాయంత్రం వెళ్లేటప్పుడు "ఇందాక స్నానం చేయించిన లాబ్రడార్ ఎడమ చెవి వెనక బఠానీ గింజంత గడ్డ తగిలింది అన్నా, చూశారా?" అని అడిగాడు. నేను చూడలేదు. ఆ కుక్క ఓనర్‌కు ఫోన్ చేసి చెప్పాను. అతన్ని ఆదివారం తొమ్మిదింటికే రమ్మన్నాను, వేరే చెప్పులు వేసుకుని.